మోరీ నీళ్ల నుంచి మోటారు దాకా

జహీరాబాద్ దగ్గరి ఝరాసంగం వచ్చేవాళ్లంతా నీళ్ల కోసమే వస్తారు. కేతకీ సంగమేశ్వరస్వామి గుడి ఆవరణలోని అమృతగుండంలో మునిగితే ఒంటి జబ్బులు పోతాయని నమ్మకం. కుపేంద్రుడనే రాజుకు చర్మరోగం ఈ ఊటనీటిలోనే మాయమైందని స్థలపురాణం. మిగతా శివాలయాల్లో గడప తొక్కనివ్వని మొగలిపువ్వు ఇక్కడ స్వామివారి పూజకెక్కుతుంది. కర్ణాటక సరిహద్దు పక్కనే కావడంతో గుండం మెట్ల మీద తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలగలిసి వినబడతాయి. నేను మాత్రం ఊరి నుంచి బయటికి పోయే నీళ్ల సంగతి అడుగుతూ తిరిగాను.

గుడి ముందు పూలు, కొబ్బరికాయలు అమ్మే ఒకావిడ నన్ను పంచాయతీ మనిషి అనుకుంది. కాదని తెలిశాక నవ్వింది. "మోరీలకే పోతది సారూ. ఇంకేడికి పోతది?" అంది. మోరీ పట్టుకుని కొంత దూరం నడిచాను. ఇళ్ల గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు నల్లగా సాగి, ఊరి చివర పల్లంలో చదునుగా పరుచుకుని ఇంకిపోతున్నాయి. మరుగుదొడ్ల నీళ్లు ఈ మోరీలోకి రావు. అవి ఇళ్ల వెనక సెప్టిక్ ట్యాంకుల్లోకో, గుంతల్లోకో పోతాయి. ప్రతి ట్యాంకు మీదా గోడవారగా ఒక గొట్టం నిలబడి ఉంటుంది. ఆ గొట్టాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, నేను వెతుక్కుంటూ వచ్చిన సరుకు రాత్రీ పగలూ దాని కొసలోంచే గాలిలో కలిసిపోతోంది. దాని పేరు మీథేన్. సీఎన్‌జీ ఆటోల్లో నిండే వాయువులో అధికభాగం కూడా అదే.

మురుగు నుంచి గ్యాసు తీసి, శుభ్రపరిచి, బండ్లు నడపడం కొత్త ముచ్చట కాదు. బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో 1897లోనే మురుగు తొట్ల మీద వాయువును పట్టి వాడుకున్నట్టు రికార్డులున్నాయి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో హెన్రిక్స్‌డాల్ అనే మురుగు శుద్ధి కేంద్రం ఉంది. కొండరాయిని తొలిచి 1941లో కట్టారు. అక్కడి మడ్డి నుంచి వచ్చే గ్యాసుతో 2004 నుంచి సిటీ బస్సులు నడుస్తున్నాయి. అదే దేశంలో లిన్‌షాపింగ్ వాళ్లు 2005లో ఏకంగా ఒక రైలునే బయోగ్యాసుతో నడిపారు. బ్రిస్టల్‌లో 2014లో మురుగు గ్యాసు బస్సు రోడ్డెక్కితే ఇంగ్లండ్ పత్రికలు దానికి ఇక్కడ రాయలేని పేరు పెట్టి ముచ్చటపడ్డాయి. మన దగ్గర సూరత్ నగరపాలిక 2003లో అంజనా శుద్ధి కేంద్రంలో మురుగు గ్యాసుతో కరెంటు తీసి దేశానికి దారి చూపింది. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడిచెత్త తీసుకుని దాదాపు 17 టన్నుల బయో సీఎన్‌జీ ఇచ్చేలా కట్టింది. ఆ గ్యాసులో కొంత సిటీ బస్సులకు పోతుంది.

ఇవన్నీ మహానగరాల కథలు. వాటిని ఝరాసంగం మోరీ పక్కన నిలబడి తలచుకోవడానికి ఒక కారణం ఉంది. ఈ మండలంలోనూ పక్కనే న్యాల్‌కల్ మండలంలోనూ కలిపి 17 గ్రామాల పరిధిలో 12,635 ఎకరాల్లో జాతీయ పెట్టుబడుల ఉత్పాదక మండలి రావాలని ఎప్పుడో నిర్ణయమైంది. అందరూ నిమ్జ్ అంటారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. నిమ్జ్‌లో దాని మొదటి విడత 3,245 ఎకరాలు. నగరం వస్తే మురుగూ వస్తుంది. ఆ మురుగుకు కాలువలు, తొట్లు ఇంకా కాగితం మీదే ఉన్న సమయం ఇది. తర్వాత అడిగితే కాంక్రీటు జవాబు చెబుతుంది.

ముందు ఊరి లెక్క చూద్దాం. ఐదు వేల మంది ఉన్న ఊరు అనుకుందాం. యూరప్ శుద్ధి కేంద్రాల అనుభవంలో మనిషికి రోజుకు ఇరవై లీటర్ల వరకు బయోగ్యాసు వస్తుంది. చుక్క పోకుండా పట్టగలిగితే ఐదు వేల మందికి వంద ఘనపు మీటర్లు. అందులో మీథేన్ అరవై పైచిలుకు. శుభ్రపరిస్తే నలభై కిలోల ఇంధనం. సీఎన్‌జీ బస్సు కిలోకు మూడున్నర కిలోమీటర్లు పోతుందనుకుంటే నూట నలభై కిలోమీటర్లు. ఝరాసంగం నుంచి జహీరాబాద్ ఇరవై కిలోమీటర్ల లోపే. అంటే ఊరు ఊరంతా కలిసి రోజుకు మూడు నాలుగుసార్లు ఒక బస్సును పంపి రప్పించగలదు. కాగితం మీద ఈ లెక్క నాకు భలే నచ్చింది. బస్టాండులో ఒక కండక్టర్‌కు చెబితే, "అయితే టికెట్ పైసలు ఎవలు కట్టాలె సార్? మేమా, వాళ్లా?" అన్నాడు.

లెక్క కుదిరినా పని కుదరదు. శుద్ధిచేసే యంత్రాలకు గంటకు కొన్ని వందల ఘనపు మీటర్ల గ్యాసు ఉంటేనే గిట్టుబాటు. ఊరి గ్యాసు గంటకు నాలుగు ఘనపు మీటర్లు. పైగా సెప్టిక్ ట్యాంకులో ఏళ్లతరబడి నిలవున్న మడ్డిని ట్యాంకరు బండి పీల్చుకుపోయే నాటికి దాని సత్తువంతా గొట్టం గుండా ఎగిరిపోయి ఉంటుంది. పాతబడిన మడ్డిలో గ్యాసు దొరకదు. శివరాత్రి జాతరకు వేలమంది వస్తారు కదా, అప్పుడు? మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులకు పండగ భోజనం పడదు. రోజూ ఒకే వేళకు, ఒకే మోతాదులో కావాలి. ఒక్కసారిగా ఎక్కువ వేస్తే తొట్టి పులిసి ఆమ్లం తేలుతుంది, గ్యాసు ఆగిపోతుంది. మళ్లీ దారికి రావడానికి వారాలు పడుతుంది.

ఈ సంగతి నాకు ఇంజనీర్ల కంటే బాగా చెప్పింది ఇదే మండలంలో ఒక రైతు ఇల్లాలు. వాళ్లింట్లో రెండు బర్రెలు, ఎడ్ల జత. పెరట్లో గోబర్ గ్యాసు. నేలలో పాతిన ఇటుక గుమ్మటం, పైన మట్టి, ఒక పక్క పెండ కలిపే తొట్టి, మరోపక్క స్లరీ బయటికి వచ్చే గుంత. దీనబంధు రకం అంటారు. 1984లో ఢిల్లీలోని ఆఫ్‌ప్రో సంస్థ రూపొందించిన నమూనా. ఇనుప డ్రమ్ము అక్కర్లేకపోవడంతో చవకగా కట్టుకోవచ్చు. పాతిక కిలోల పెండ వేస్తే ఘనపు మీటరు గ్యాసు. ఆమె బకెట్టు లెక్కన చెబుతుంది: పొద్దున ఇన్ని బకెట్ల పెండ, అన్నే బకెట్ల నీళ్లు. "ఎక్కువ పోస్తే అలుగుతది. తక్కువ పోస్తే పండుకుంటది. చలికాలం అయితే సగమే వస్తది. అన్నం ఒకదిక్కు, కూర కట్టెల పొయ్యి మీద" అంది.

చలి మాటలో అతిశయం లేదు. పక్కనే ఉన్న కోహీర్ పేరు ఏటా డిసెంబరు, జనవరి వార్తల్లో రాష్ట్రంలోనే అతి తక్కువ ఉష్ణోగ్రతల పట్టికలో కనిపిస్తుంది. ఈ జీవులకు ముప్పై అయిదు డిగ్రీలు సుఖం. నేల కింద గుమ్మటం కొంత కాపాడుతుంది గానీ రాత్రుళ్లు చల్లబడితే అవి మందగిస్తాయి. స్వీడన్‌లో ఇంతకంటే ఘోరమైన చలి కదా అంటే, వాళ్లు అదే గ్యాసులో కొంత మండించి తొట్టిని వెచ్చబెడతారు. ఇక్కడ ఎండే దిక్కు.

వంటింట్లో పొయ్యి వెలిగించి చూపించింది. నీలం మంట, అంచుల్లో కాస్త పసుపు. ఎక్కడో కుళ్లిన గుడ్డు వాసన. "ఈ గ్యాసుతో బండి నడుస్తదా?" అని ఆమె భర్తను అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పొయ్యికాడికే సార్. బండికాడికి పోవాలంటే గిది స్నానం చెయ్యాలె."

అంతకంటే సరైన మాట నేను వినలేదు. ముడి బయోగ్యాసులో మీథేన్ 55 నుంచి 65 శాతం ఉంటుంది. మిగిలిందంతా ఇంచుమించు కార్బన్ డయాక్సైడ్. అది మండదు. సిలిండర్లో చోటు తింటుంది, అంతే. కుళ్లుగుడ్డు వాసనకు కారణం హైడ్రోజన్ సల్ఫైడ్. ఇది కొంచెమే ఉన్నా ప్రమాదం. ఇంజనులో మండితే గంధకామ్లం అవుతుంది, లోహాన్ని తింటుంది. ఇక తేమ. దాన్ని వదిలితే ఒత్తిడిలో నీరై, ఆమ్లంతో చేతులు కలిపి గొట్టాలను తొలుస్తుంది. మన దేశంలో వాహనాలకు వాడే బయోగ్యాసుకు ఐఎస్ 16087 ప్రమాణం ఉంది. మీథేన్ కనీసం 90 శాతం ఉండాలి. అంటే పెరటి గుమ్మటం గ్యాసు అరవై మార్కుల దగ్గర ఆగితే, బండి తొంభై అడుగుతుంది.

ఆ ముప్పై మార్కులు సంపాదించడమే ఈ విద్యంతా. గంధకం వదిలించడం తేలికే: తుప్పుపట్టిన ఇనుప పొడి గుండా గ్యాసును పంపితే, తుప్పు ఆ గంధకాన్ని పట్టుకుని తనలో కలుపుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించడానికి గోలీసోడా సూత్రం పనికొస్తుంది. ఒత్తిడిలో నీళ్లు ఆ వాయువును మింగుతాయి, మూత తీస్తే కక్కేస్తాయి. ఎత్తయిన గొట్టంలో కింద నుంచి గ్యాసును ఎనిమిది పది రెట్ల వాతావరణ పీడనంతో పంపి, పైనుంచి నీళ్లు చల్లితే కార్బన్ డయాక్సైడ్ నీళ్లతో దిగిపోతుంది, మీథేన్ పైకి వస్తుంది. ఆ నీళ్లను మరో గొట్టంలో ఒత్తిడి తగ్గించి వదిలితే మళ్లీ వాడుకోవచ్చు. ఈ పద్ధతిని మన పల్లె ప్లాంట్ల కొలతకు తగ్గించి, కారు కూడా నడిపి చూపిన వారిలో ఐఐటీ ఢిల్లీ ఆచార్యుడు వీరేంద్రకుమార్ విజయ్ పేరు చెప్పుకోవాలి. పొరల గుండా వడకట్టేవి, పీల్చుకునే గుళికల మీద ఒత్తిడి మార్చి విడదీసేవి ఇంకా ఉన్నాయి. చివరికి మిగిలిన మీథేన్‌ను రెండు వందల రెట్లకు పైగా పీడనంతో సిలిండర్లోకి కుక్కాలి. ఆ కంప్రెసర్ కరెంటు బిల్లు ఎవరూ ప్రారంభోత్సవ ఉపన్యాసంలో చెప్పరు.

మురుగు గ్యాసుకు మరో ప్రత్యేకమైన పీడ ఉంది. షాంపూలు, క్రీముల్లో ఉండే సిలికాన్ పదార్థాలు మురుగులో చేరి, ఆవిరై గ్యాసులో కలుస్తాయి. ఇంజనులో మండినప్పుడు అవి సన్నని ఇసుకగా మారి వాల్వుల మీద, పిస్టన్ల మీద పేరుకుంటాయి. పెండ గ్యాసులో ఈ బాధ లేదు. బర్రెలు షాంపూ వాడవు. మురుగు గ్యాసునైతే బొగ్గుపొడి జల్లెడ గుండా కూడా పంపాలి. ఒక్కో జల్లెడతో ఖర్చు పెరుగుతుంది.

హైదరాబాద్ సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే జహీరాబాద్ కొత్త నగరం చూసి నేర్చుకునే ఊరు అదే. మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధిచేసే కేంద్రం ఉంది. నాగోల్‌లో 17.2 కోట్ల లీటర్లది మరొకటి. ఈ రెండింటిలో మురుగు గాలి తగలని తొట్టి అడుగు నుంచి పైకి, బురద దుప్పటి గుండా ఎక్కుతుంది. ఆ దుప్పటిలోని జీవులు మాలిన్యాన్ని తిని గ్యాసు వదులుతాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన అంబర్‌పేటకు వచ్చేది పాతిక లక్షల మంది మురుగు. ఝరాసంగం లెక్కే వేస్తే ఇరవై టన్నుల ఇంధనం. కానీ మన మురుగు పలచన. పుట్టిన మీథేన్‌లో కొంత నీళ్లలోనే కరిగి మూసీకి పోతుంది. మూడో వంతే దక్కుతుందనుకున్నా ఆరేడు టన్నులు, అంటే వంద బస్సుల మాట. ఇది నా కాగితం లెక్కే, ఎవరి ప్రాజెక్టు నివేదికా కాదు.

తర్వాత నగరం మరో దారి పట్టింది. జలమండలి తలపెట్టిన 31 కొత్త శుద్ధి కేంద్రాలన్నీ కలిపి రోజుకు 125.95 కోట్ల లీటర్ల సామర్థ్యం. కోకాపేట, దుర్గం చెరువు కేంద్రాలు 2023లో మొదలయ్యాయి. ఇవి గాలి ఊది శుద్ధిచేసే ఎస్‌బీఆర్ రకం. తక్కువ చోటులో ఇముడుతుంది, బయటికొచ్చే నీళ్లు ఇంకా శుభ్రంగా ఉంటాయి, వాసన తక్కువ. నగరం నడిబొడ్డున ఎకరా దొరకని చోట ఆ ఎంపికను తప్పుపట్టలేను. కానీ అందులో మాలిన్యం గ్యాసు కాదు, గాలిలోకి పోతుంది. పోవడానికి పగలూ రాత్రీ కరెంటు బ్లోయర్లు తిరగాలి. శక్తి ఉన్న పదార్థాన్ని శక్తి ఖర్చుపెట్టి వదిలించుకోవడం. అడుగున మిగిలే బురదను విడిగా గాలి లేని తొట్టిలో పులియబెడితే కొంత రాబట్టుకోవచ్చు, హెన్రిక్స్‌డాల్ చేసేది ఆ పనే. అయితే ఆ తొట్టికి చోటు మొదటి నక్షాలోనే పెట్టాలి.

రాష్ట్రంలో చెత్త నుంచి వచ్చే గ్యాసు మాత్రం మెల్లగా బండి దాకా చేరుతోంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో రోజుకు పది టన్నుల కూరగాయల చెత్త గ్యాసై, కరెంటై, క్యాంటీన్ పొయ్యై వెలుగుతోంది. 2021 జనవరిలో ప్రధాని మన్‌కీబాత్‌లో దాని ప్రస్తావన వచ్చింది. సిద్దిపేట పక్కన బుస్సాపూర్‌లో మున్సిపల్ తడిచెత్త నుంచి బయో సీఎన్‌జీ తీసే ప్లాంటు ఉంది. జవహర్‌నగర్ చెత్తగుట్టలో పుట్టే గ్యాసును శుభ్రపరిచి వాహన ఇంధనంగా అమ్మడం 2022లో మొదలైంది. మురుగు మాత్రం ఇంకా వెనకబెంచీలోనే ఉంది.

ఝరాసంగం దగ్గర మరో సరుకు ఉంది, దాన్ని చూశాక మోరీ మీద నా మోజు కాస్త తగ్గింది. చుట్టూ చెరుకు. జహీరాబాద్ దగ్గర కొత్తూరు(బి)లో చక్కెర ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు నిజాం షుగర్స్‌ది, తర్వాత ప్రైవేటు చేతికి పోయింది. క్రషింగ్ నడవని సీజన్లూ చూసింది. చెరుకు రసం వడకట్టగా మిగిలే నల్లమడ్డిని ప్రెస్‌మడ్ అంటారు. టన్ను చెరుకుకు ముప్పై నలభై కిలోలు వస్తుంది. పాతిక టన్నుల ప్రెస్‌మడ్‌కు టన్ను సీబీజీ, అంటే శుభ్రపరిచి ఒత్తిపెట్టిన బయోగ్యాసు, అని ఈ రంగంలో వాళ్లు వేసుకునే లెక్క. రోజుకు 2,500 టన్నులు ఆడే మిల్లు ఏదైనా నడిచినన్నాళ్లు నాలుగు టన్నుల ఇంధనానికి సరిపడా మడ్డి ఇస్తుంది. ఐదు వేల మంది ఊరు ఇచ్చేదానికి ఇది వంద రెట్లు.

డిస్టిలరీ ఉంటే ఇంకా విచిత్రం. ఇంటి మురుగులో లీటరుకు నాలుగైదు వందల మిల్లీగ్రాముల మాలిన్యం ఉంటే, మొలాసిస్ నుంచి సారా తీశాక మిగిలే స్పెంట్ వాష్‌లో లక్ష దాకా ఉంటుంది. ఒక లీటరు ఆ ముదురు గోధుమరంగు నీళ్లు రెండు వందల లీటర్ల ఇంటి మురుగుతో సమానం. ముక్కు మూసుకునే ప్రతి వాసన వెనకా సమానమైన గ్యాసు ఉండదు. దేశంలో డిస్టిలరీలు 1980ల నుంచీ ఈ నీళ్లలో గ్యాసు తీసి బాయిలర్లలో వాడుకుంటున్నాయి. వాహనం దాకా పోవడానికి వాటికి కావలసింది ఆ స్నానపు గొట్టాలు, కొనేవాడు. కొనేవాడి కోసమే కేంద్రం 2018 అక్టోబరు 1న సతత్ పథకం పెట్టింది. ఆయిల్ కంపెనీలు కిలో సీబీజీ 46 రూపాయలకు కొంటామన్నాయి, అయిదేళ్లలో అయిదు వేల ప్లాంట్లు అన్నారు. ఆ గడువు దాటింది, సంఖ్య దాని దరిదాపుల్లోకి రాలేదు. తర్వాత 2025-26 నుంచి గ్యాసు కంపెనీలు ఒక శాతంతో మొదలుపెట్టి తప్పనిసరిగా సీబీజీ కలపాలని నిబంధన తెచ్చారు. ఆంధ్రలో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో రిలయన్స్ సీబీజీ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. అక్కడ ముడిసరుకు నేపియర్ గడ్డి.

మరి బండ్లు? జహీరాబాద్‌లోనే మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. సీబీజీతో నడిచే ట్రాక్టర్ నమూనాలను ఆ కంపెనీ వ్యవసాయ ప్రదర్శనల్లో చూపించింది. ఆర్టీసీ చూపు మాత్రం కరెంటు బస్సుల మీద ఉంది. నాకు తోచింది ఏమంటే, సిటీ బస్సును బ్యాటరీకి వదిలేసి, ఈ గ్యాసును చెరుకు లాగే ట్రాక్టరుకు, లారీకి, చెత్త బండికి ఇవ్వడం మేలు. బరువు లాగే బండ్లకు బ్యాటరీ ఇంకా భారమే.

తర్వాత నిమ్జ్‌లోని యెల్గోయి వైపు వెళ్లాను. అక్కడ రక్షణ పరికరాల కంపెనీ వెమ్ టెక్నాలజీస్ ప్లాంటుకు 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. రోడ్డు పక్క టీకొట్టులో భూములిచ్చిన రైతులు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. పరిహారం సంగతి మొదలెడితే ఆగదు, ఆ కథ వేరు. మురుగు సంగతి ఎత్తగానే ఒక పెద్దాయన, "పటాన్‌చెరు చూసినం గద సారూ" అన్నాడు.

ఈ జిల్లాలో ఆ పేరు చెబితే వివరణ అక్కర్లేదు. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల నీళ్లతో నక్కవాగు ఏమైందో, ఆ వాగు పొడవునా ఉన్న ఊళ్ల బావులు ఏమయ్యాయో అందరికీ తెలుసు. 1990లో సుప్రీంకోర్టు దాకా పోయిన ఆ కేసు దశాబ్దాలు నడిచింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ ఆ పోరాటంలో నిలబడిన డాక్టర్ అల్లాని కిషన్‌రావును ఈ ప్రాంతం మర్చిపోదు. 1994లో కంపెనీల నీళ్లకు ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఆ తర్వాత అక్కడ శుద్ధయిన నీళ్లను 18 కిలోమీటర్ల పైపులైనుతో నగరం మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు చేశారు. పలచబడితే సరిపోతుందన్న ఆలోచన అది.

గ్యాసు కోణం నుంచి చూస్తే ఆ ఆలోచన చేటు. మందుల కంపెనీల నీళ్లలో సల్ఫేట్లు ఎక్కువ. సల్ఫేటు ఉన్న తొట్టిలో మీథేన్ జీవుల కంటే సల్ఫేట్‌ను తినే జీవులు ముందు కంచం లాక్కుంటాయి. మీథేన్ బదులు కుళ్లుగుడ్డు వాయువు వస్తుంది. లోహాలు, ద్రావకాలు కొన్ని మీథేన్ జీవులను నేరుగా చంపుతాయి. ఒకవేళ గ్యాసు వచ్చినా, అడుగున మిగిలిన బురదలో ఆ లోహాలు కూర్చుంటాయి, పొలానికి పనికిరాదు. స్నానపు గొట్టాలు ఎంత ఖరీదైనవి పెట్టినా ఈ లోపం కడగలేరు. మోరీలో ఏం వదిలారన్న దగ్గరే బండి నడుస్తుందా లేదా అన్నది తేలిపోతుంది. కాబట్టి నిమ్జ్ నక్షాలో కంపెనీల నీళ్ల కాలువ వేరు, కార్మికుల ఇళ్ల, క్యాంటీన్ల కాలువ వేరు అన్న గీత పడాలి. క్యాంటీన్ చెత్త, ఊళ్ల పెండ, చెరుకు మడ్డి, ఇళ్ల మురుగు బురద ఒక తొట్టిలో చేరితే గంటకు కొన్ని వందల ఘనపు మీటర్లు అసాధ్యం కాదు. ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు.

తిరిగొస్తూ గోబర్ గ్యాసు ఇంటి దగ్గర ఆగాను, స్లరీ సంగతి అడగడం మిగిలిపోయింది. ఆమె దృష్టిలో గ్యాసు కొసరు, స్లరీయే అసలు. ఇది జొన్న, కొర్ర, కంది కలిపి వేసే నేల. ఇదే మండలం మాచునూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియోలో దళిత మహిళలు విత్తనం గురించి, ఎరువు గురించి మాట్లాడుకునే నేల. పులిసిన పెండలో నత్రజని చాలావరకు నిలిచే ఉంటుంది, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. అల్లం మడికి ఆమె ఇదే పోస్తుంది. పెద్ద ప్లాంటు వస్తే టన్నులకొద్దీ స్లరీ వస్తుందని, దాని ఎరువు అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల కేంద్ర సాయం కూడా ఉందని చెప్పాను.

"ఆ పైసలు ఎవలికి?"

"ప్లాంటు వాళ్లకు."

"మరి మోసేటందుకు?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. పొలం దాకా ట్రాక్టరు కిరాయి ఎరువు ధరను మించితే ఎవరూ తీసుకోరు, ప్లాంటు తన స్లరీలో తానే మునుగుతుంది. చాలా ప్లాంట్లకు గ్యాసు కంటే ఇదే పెద్ద బెడద. దగ్గరి ఊళ్లకు ప్లాంటు ట్రాక్టరే తన గ్యాసుతో తెచ్చి దింపాలని ఆమె భర్త అన్నాడు. ఆమె కొంచెంసేపు ఆలోచించింది.

"ఇండ్లకాడి మోరీదైతే తీస్కుంట. కంపెనీ నీళ్లు గలిస్తే మాత్రం వద్దు సారూ. ఊకె తెచ్చి దింపినా వద్దు."